మాత పాదాల మీద

"కార్డులో అన్నమ్మ అని ఉంది. వీడు మగపిల్లవాడు!" అంది సిస్టర్ ఫిలోమినా, త్రాసు కొక్కేనికి వేలాడుతున్న జోలె విప్పి చూసి.

కదిరమ్మ తడబడలేదు. "మొక్కుబడి పేరు సిస్టరమ్మా. వీడు కడుపులో ఉన్నప్పుడే మా అత్త మొక్కుకునింది. లోపల ఎవురుండారో ఆయమ్మకేం తెలుసు?"

వరండాలో బారులు తీరిన ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"అన్నమ్మకు పిల్లనెవురిస్తారే కదిరీ?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

సిస్టర్‌కూ నవ్వొచ్చింది. బిడ్డను సర్దబోతూ ఆగిపోయింది. బొడ్డు పక్కన గవ్వంత వాత, ఇంకా పచ్చిగానే ఉంది. జబ్బు చేసిన పిల్లలకు ఈ పల్లెల్లో వాతలు పెడతారని ఆమెకు తెలుసు. కానీ ఇదే వాత, ఇదే చోట, ఈ పొద్దున ఇప్పటికే రెండుసార్లు చూసింది. బయమ్మ ఎత్తుకొచ్చినప్పుడు వీడి పేరు జోజప్ప. మారెక్క తెచ్చినప్పుడు రాయప్ప. కుడి బుగ్గ మీది దిష్టిచుక్క ఇప్పుడు ఎడమ బుగ్గకు వచ్చింది, అంతే.

వరసలో తర్వాత అంజనమ్మ నిలబడి ఉంది. ఆమె చేతులు ఖాళీ.

"నీ బిడ్డ ఏడి?"

"వస్తాండాడు సిస్టరమ్మా."

"ఆరు నెలల బిడ్డ నడిచి వస్తున్నాడా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

వానలు లేక అది మూడో ఏడు. గోరంట్ల దాటాక కనుచూపు మేర పచ్చన లేదు. ఊరి చర్చి ఉపదేశి క్రిస్మస్‌కు రాసిన బాలింతల జాబితా ప్రకారం కార్డులు ఇచ్చి, ఈ పాలపొడి కేంద్రం తెరిచి మూడు వారాలే అయింది. గోడకు పలక వేలాడుతోంది: 'తల్లి పాలకు తోడుగా బిడ్డకు వారానికి ఒక డబ్బా. తల్లి లేని పిల్లలను అనంతపురం అనాథాశ్రమంలో చేర్చవలెను.' అలాంటి పసివాళ్లిద్దరిని సిస్టర్ పోయిన వారమే బస్సెక్కించింది.

సిస్టర్ పాలపొడి మూట మూతి బిగించి కట్టింది. "మీరు నలుగురూ లోపలికి రండి."

లోపలి గదిలో మరియమాత స్వరూపం. మే నెల మాతకు అంకితమైన నెల. వేరే పూలు దొరక్క ఆ పాదాల చుట్టూ తంగేడు పూలు పేర్చారు. పొద్దున జపమాల అయ్యాక సిస్టర్ అక్కడే వాళ్లకు చెప్పింది. సిలువ మీద నుంచి కొడుకు తల్లిని చూసి, పక్కనున్న శిష్యుణ్ణి చూపించి, 'అమ్మా, ఇదిగో నీ కొడుకు' అన్నాడని, ఆనాటి నుంచి ఆమె అందరికీ తల్లి అని.

"కననోళ్లకు తల్లెట్లయితాది సిస్టరమ్మా?" అని బయమ్మ అడిగింది.

"అది నీకిప్పుడు అర్థం కాదులే" అంది సిస్టర్, ఎండ ముదురుతోందని తొందరపడుతూ.

ఇప్పుడామె గొంతులో ఓపిక లేదు. "వీడు ఎవరి బిడ్డ? నిజమైన తల్లికి పాలపొడి ఇస్తాను. మిగతా మూడు కార్డులూ చించేస్తాను."

"నా బిడ్డే" అంది కదిరమ్మ.

"నా బిడ్డే" అన్నారు బయమ్మ, అంజనమ్మ ఒక్కసారే.

మారెక్క అందరిలోకీ పెద్దది. "నా బిడ్డే సిస్టరమ్మా" అంది నెమ్మదిగా.

"అయితే మాత పాదాల మీద చెయ్యి వేసి చెప్పండి."

అంతటితో ఆగుతారనుకుంది సిస్టర్. ఒకరి తర్వాత ఒకరు తంగేడు పూలు పక్కకు తోసి, పాదాలు ముట్టి, అదే మాట చెప్పారు. బిడ్డ మారెక్క వేలు చీకుతూ, అందులో ఏమీ రాక, సన్నగా ఏడుస్తున్నాడు.

"దేవమాత ముందు ముగ్గురు అబద్ధమాడారు!" అంది సిస్టర్. "ఆ పొడి టీ హోటలుకు అమ్ముకుంటున్నారా?"

"సగం చెంచా అమ్మింటే మా కండ్లు పోనీ. అంతా వీని కడుపులోకే పోయింది" అంది కదిరమ్మ.

"తల్లి పాలుండగా నాలుగు డబ్బాలు తాగుతాడా?"

మారెక్క బిడ్డను భుజాన వేసుకుంది.

"పదండి. మీ బిడ్డల్ని నా కళ్లతో చూడాలి. చూపించకపోతే మీ ఊరికి ఇక చిటికెడు పొడి కూడా రాదు."

"ఇంత ఎండలో యాడొస్తావు సిస్టరమ్మా?" అంది మారెక్క.

"వస్తాను."

పగుళ్లిచ్చిన చెరువు నేల మీదుగా రెండు మైళ్లు నడిచారు. ఒకరు అలసిపోతే ఇంకొకరు బిడ్డను అందుకుంటున్నారు. ఎవరి చేతుల్లో ఉన్నా, మిగతా ముగ్గురి కొంగులూ వాడికి నీడ పడుతున్నాయి. ఊరు కనబడగానే మారెక్క పక్కకు మళ్లింది.

"ఇళ్లు అటు కదా?"

"బిడ్డలు ఈడుండారు."

ఎర్రమట్టి దిన్నె మీద చిన్న చిన్న మట్టిదిబ్బలు. వాటికి పుల్లలు కట్టి గుచ్చిన సిలువలు.

"వాంతులు, భేదులు. నీ పాలపొడి రాకముందే" అంది మారెక్క. కదిరమ్మ వంగి ఒక దిబ్బ మీది ముళ్లకంప తీసేసింది. "ఇది నా అన్నమ్మ."

సిస్టర్ ఇక్కడ మూడే ఉంటాయని, దిబ్బ లేకుండా మిగిలే ఆమే ఈ బిడ్డ తల్లి అని అనుకుంది. బయమ్మ ఒక దిబ్బ దగ్గర కూర్చుంది. అంజనమ్మ మరో దాని దగ్గర. బిడ్డను ఎత్తుకుని మారెక్క నాలుగోదాని పక్కన నిలబడింది.

"మరి వీడి తల్లి?"

మారెక్క తల పక్కకు తిప్పి చూసింది. సిస్టర్ అదే వరసలో ఇంకాస్త అవతలకు చూసింది.

అయిదో దిబ్బ మనిషంత పొడవుంది.