వెనక్కి జరుగమ్మా

"కట్టేయమంటున్నానా, లేదా?"

"ఇంకో పావుగంటే నాన్నా!"

"ఇందాకట్నుంచీ అదే పావుగంట."

టీవీలో పోలీసు సినిమా. ఇన్‌స్పెక్టర్ తన చిన్ననాటి రహస్యాన్ని తవ్వుతున్నాడు. అదేమిటో మొదటి పాటకే ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, అతనికి తప్ప.

"చిన్నప్పుడు తప్పిపోయినవాడు హీరోయే. చాలా? ఇక కట్టెయ్," అన్నాడు భర్త.

"కనీసం వాడికి తెలిసేదాకా ఉండనీ నాన్నా," అన్నాడు కొడుకు.

ఆమె సోఫా చివర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

తెర మీద ఇన్‌స్పెక్టర్ పరుగెత్తుకొచ్చి, తాళం వేసిన తలుపును ఒక్క తన్ను తన్నాడు. తలుపు దబ్బున లోపలికి కూలింది. మూలన పాప, రిబ్బన్లు కూడా నలగకుండా.

"పిల్లలు మూలన కూర్చోరు," అంది ఆమె. "తలుపుకి ఆనుకుని ఉంటారు."

ఎవరూ వినలేదు.

"అదే మన మైకు తాతయితేనా!" కూతురు గొంతు బొంగురు చేసింది. "'నేనమ్మా. తలుపు తీస్తున్నాను. కాస్త వెనక్కి జరుగు.' ఈలోగా విలన్ ఊరు దాటేసేవాడు!"

కొడుకు పడీపడీ నవ్వాడు.

మైకు తాతంటే కింది గదిలో ఒంటరిగా ఉండే ముసలాయన. మొన్న ఆస్పత్రిలో పోయాడు. బార్లా తెరిచిన గుమ్మం ముందు కూడా, మైకులో చెప్పినట్టు ఆ మాటలన్నీ అనిగానీ లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. ఎందుకని అడిగితే, "తలుపు వెనక ఎవరైనా ఉంటే?" అనేవాడు.

అవి విన్నప్పుడల్లా ఆమె చేతులు చల్లబడేవి. ఎందుకని ఆలోచించేది కాదు. కిందటేడు, "మాటిమాటికీ రాకండి" అని ఆమే చెప్పేసింది. ఆయన మళ్ళీ రాలేదు.

"పోయినవాణ్ణి వెక్కిరించకూడదు," అన్నాడు భర్త. "నా అన్నవాళ్ళు లేరట. రేపటిలోగా ఎవరూ సంతకం పెట్టి శవాన్ని తీసుకెళ్ళకపోతే ఆస్పత్రివాళ్ళే కానిచ్చేస్తారట. ఇంటి ఓనరు నన్ను తోడు రమ్మన్నాడు. మనకెందుకొచ్చిన గొడవ అన్నాను."

"ఏం పని చేసేవాడట?" కొడుకు అడిగాడు.

"కానిస్టేబులట. నిన్ననే తెలిసింది."

ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

తెర మీద పాప ఏడుస్తోంది. ఆమెకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. గిన్నె పక్కన పెట్టి, రిమోట్ అందుకుని టీవీ కట్టేసింది.

"అమ్మా! క్లైమాక్స్!"

"రేపు పొద్దున ఆస్పత్రికి నేను వెళ్తున్నాను," అంది అందరికీ వినబడేలా. "సంతకం నేను పెడతాను."

"నువ్వా? ఏమవుతాడని రాస్తావు?" అన్నాడు భర్త.

"చిన్నప్పుడు మా చిన్నాన్న నన్ను సామాన్ల గదిలో పెట్టి తాళం వేసి పోయాడు. మీకెవరికీ చెప్పలేదు," అంది, రేపటి కూర సంగతి చెబుతున్నట్టు. "తలుపుకి ఆనుకునే పడి ఉన్నాను. దాన్ని విరగ్గొట్టే ముందు, బయటినుంచి అవే మాటలతో నన్ను వెనక్కి జరగమన్న పోలీసు ఆయనే."