మంగళవారం పాఠం

క్యాన్సర్ వార్డు ప్రొఫెసర్ లోర్బేర్ ప్రతి మంగళవారం ఆరుగురు విద్యార్థులతో వచ్చేవారు. మా తమ్ముడు ఎగోన్ మంచం పక్కన నిలబడి, మాకు అంతుపట్టని లాటిన్ మాటల్లో వాళ్లకు పాఠం చెప్పేవారు. ఆ రోజు ఒక్కరే వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పిల్లలేరి ప్రొఫెసర్ గారూ?" అన్నాడు ఎగోన్. "నా పొట్ట నొక్కీ నొక్కీ విసుగొచ్చిందా?"

"బయటున్నారు. ముందు మీ ఇద్దరితో మాట్లాడాలి."

నేను చేతిలోని పుదీనా టీ కప్పు కింద పెట్టాను.

"ఇంక మందు లేదనేగా?" అన్నాడు ఎగోన్.

ఆయన తలూపారు.

"అయితే వాళ్లనీ పిలవండి. వాళ్లలో ఆ చల్లటి చేతుల పిల్ల రేపు ఈ మాట ఇంకెవరికో చెప్పాలిగా. ఎలా చెప్పాలో చూడనీండి."

వాళ్లు వచ్చి గోడవారన నిలబడ్డారు. లోర్బేర్ ఎగోన్ చెయ్యి పట్టుకుని మొదలుపెట్టారు.

ఆ రోజు ఆయన చెప్పినదాంట్లో మాకు అర్థం కాని మాట ఒక్కటీ లేదు.