పన్నెండు ఉత్తరాల ఫైలు

"ఈరోజు మీకు తెల్లకాగితం ఇవ్వను" అంది లైబ్రేరియన్.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు పెద్దాయన. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అరుదైన పత్రాల గది అది. లోపలికి పెన్నూ సంచీ తేకూడదు. పెన్సిలూ, రాసుకోవడానికి కాగితమూ గదివాళ్లే ఇస్తారు.

ఆయన రావడం ఇది పన్నెండో గురువారం. అడిగేది ఒకటే ఫైలు. హాస్టల్లో ఒంటరిగా బతికి, ఒంటరిగానే పోయిన ఓ ప్రొఫెసరమ్మ కాగితాలు విశ్వవిద్యాలయానికి దక్కాయి. ఆవిడ తమ్ముడికి రాసి, పోస్టు చేయకుండా దాచుకున్న పన్నెండు ఉత్తరాలు ఆ ఫైల్లో ఉన్నాయి. అవి చదివినప్పుడు ఆ తమ్ముడి మీద లైబ్రేరియన్‌కి ఒళ్లు మండిపోయింది. చివరిచూపుకైనా రాలేదట మహానుభావుడు!

"వారం వారం ఓ కాగితం తీసుకుంటారు. వెళ్లేటప్పుడు చేతులు ఖాళీ. ఏమవుతున్నాయవి?"

ఆయన చూపు బల్లమీదున్న ఫైలు వైపు మళ్లింది.

"ఫైలు తిరిగిచ్చినప్పుడల్లా తూచాను మేడమ్. ఎప్పుడూ తగ్గలేదు" అని గొణిగాడు అటెండరు.

"తెల్లకాగితం పెట్టి అసలుది లాగేస్తే ఎందుకు తగ్గుతుందయ్యా? నీ కళ్లు కప్పడం ఎంతసేపు!" అని, ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "ఎల్లుండి ఈ ఫైలు వేరే విశ్వవిద్యాలయానికి వెళ్తోంది. ఒప్పందం ప్రకారం రెండేళ్లు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఒక్కటి తగ్గినా నా మెడకు చుట్టుకుంటుంది."

"రెండేళ్లా?" ఆయన బల్ల దగ్గరికి జరిగాడు. "అప్పటిదాకా నేనుండాలి కదమ్మా. ఇంకొక్కటే మిగిలింది. ఈ ఒక్కపూట కూర్చోనివ్వండి."

"ఇంకొకటి కూడా కావాలా? ఎంత ధైర్యం! పోలీసుల్ని పిలవకముందే బయల్దేరండి."

ఆయన తన కార్డు బల్లమీద పెట్టి, ఫైలుకి ఓసారి చెయ్యి ఆనించి, మెల్లగా మెట్లు దిగిపోయాడు. అంత పెద్దవాణ్ణి అన్నేసి మాటలన్నందుకు ఆమె మనసు చివుక్కుమంది. అయినా ఫిర్యాదు రాయాలంటే లెక్క కావాలి. ఫైలు ముడి విప్పింది.

పన్నెండూ ఉన్నాయి. ఒక్క మడతైనా నలగలేదు. కానీ అడుగున ఇంకా కాగితాలు చేతికి తగిలాయి. పదమూడు, పద్నాలుగు... ఇరవై మూడు.

"మేడమ్, ఆయన బస్సెక్కేశాడు" అన్నాడు అటెండరు కిటికీలోంచి చూస్తూ.

ఆమె పదమూడోదాన్ని వెలుగులోకి పట్టుకుంది. పెన్సిలు రాత, వణికిన అక్షరాలు.

అది "అక్కా" అని మొదలైంది.