బొగ్గు గీతల గుడ్లు

నడిమధ్యాహ్నం కోళ్ళ దొడ్లో ఎవరో గొంతుకూర్చుని ఉన్నారు.

కోళ్ళు చూసుకునే మస్తాన్ వలీ కర్ర పట్టుకుని వెళ్ళాడు.

ముసలాయన. లుంగీ మడతలో పదమూడు గుడ్లు. ఒక్కో గుడ్డు మీద బొగ్గుతో రెండేసి గీతలు గీస్తున్నాడు. పక్కన చుక్కల పెట్ట.

"ఏయ్! గుడ్లు దొంగిలిస్తాండావా?"

"లేదబ్బీ. పొదగేస్తాండా."

సౌదీలోని నజ్రాన్‌లో కడప మాట వినేసరికి కర్ర కిందికి దిగింది.

"పొదిగేదానికి మిషన్ ఉందిలే తాతా. కఫీల్‌తో నేనే కొనిపిచ్చినా."

"ఇవి బలదీ కోళ్ళు. ఈడ పుట్టినయి. ఈ ఎండ సంగతి మిషన్‌కేం తెలుసు, పెట్టకు తెలుసు గానీ!"

ఈ వేసవిలో కోడిపిల్లలు దిగకపోతే వీసా రద్దుచేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తానని కఫీల్, పనిచ్చిన అరబ్బు యజమాని, ముందే చెప్పాడు. మస్తాన్ నమ్మకమంతా ఆ మిషన్ మీదే.

నలభై ఆరు డిగ్రీలు. ముసలాయన చొక్కా మీద చెమట చుక్క లేదు.

కోళ్ళన్నీ నీడ వదిలి వచ్చి ఆయన చుట్టూ ఎండలో నిలబడ్డాయి. ఒక్కటీ చప్పుడు చేయలేదు.

మస్తాన్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"నీ ఇకామా చూపీ."

"కఫీల్ దగ్గరుంది."

ఇకామా, ఈ దేశంలో ఉండేందుకిచ్చే అనుమతి కార్డు, జేబులో లేనివాడంటే హురూబ్, పని వదిలి పారిపోయినవాడు. చోటిస్తే తనకూ జైలే.

"పో తాతా. మళ్ళా కనపడితే పోలీసులకు చెప్తా."

"పోతాలే. గుక్కెడు నీళ్ళియ్యి."

"నీళ్ళూ లేవు, గీళ్ళూ లేవు."

"నాకు కాదబ్బీ. పొదిగే పెట్టకు."

మస్తాన్ ఆయన్ని, ఒళ్ళోని గుడ్లతో సహా, తూర్పు వాకిట్లోంచి పంపి గొళ్ళెం పెట్టాడు.

వెనక్కి తిరిగితే చుక్కల పెట్ట లేదు. వాకిలి దాకా ఇసుకలో కోడి అడుగులు మాత్రమే ఉన్నాయి.

ఆ సాయంత్రమే మిషన్‌లో గుడ్లు పెట్టాడు. ఇరవై ఒకటో రోజు తెరిచాడు. మధ్యలో మూడుసార్లు కరెంటు పోయింది. గుడ్లన్నీ మురిగిపోయాయి.

కఫీల్ వచ్చి చూశాడు.

"సామాన్లు సర్దుకో మస్తాన్."

అప్పుడు తూర్పు వాకిలి కింద కిచకిచలు వినిపించాయి.

సందులోంచి చుక్కల పెట్ట దూరి వచ్చింది. వెనక పదమూడు పిల్లలు. చివరి పిల్ల వీపుకు పెంకు ముక్క అంటుకుని ఉంది. దాని మీద రెండు బొగ్గు గీతలు.

కఫీల్ ఆ పెంకు తీసి చాలాసేపు చూశాడు.

"ఈ గీతలెవరు గీశారు?"

"ఎవరో హురూబ్ ముసలాయన. ఇకామా మీ దగ్గరుందని అబద్ధం కూడా చెప్పాడు."

కఫీల్ కారులోంచి పాత ఇకామా కార్డు తెచ్చి చూపించాడు.

అదే ముఖం.

"దస్తగిరి. పొదగేసే ప్రతి గుడ్డు మీదా ఇలాగే రెండు గీతలు గీసేవాడు. జబ్బొచ్చి మా కోళ్ళు చచ్చిపోయిన ఏడాది, మిగిలిన ఒక్క జంటతో ఈ జాతిని నిలబెట్టాడు. నువ్విక పోనక్కర్లేదు, నీ పని ఆయన చేసిపెట్టాడు." కఫీల్ గొంతు తగ్గింది. "ఎటు పంపావు?"

మస్తాన్ తూర్పు వాకిలి చూపించాడు.

కఫీల్ గొళ్ళెం తీశాడు. అవతల, పేర్లు లేని సమాధి రాళ్ళ వరసలు. ఒక రాయి మొదట్లో ఖాళీ పెంకులు, పక్కన మట్టి చిప్ప నిండా నీళ్ళు.

"నాలుగేళ్ళ కింద దస్తగిరిని ఇక్కడే మట్టి చేశాం," అన్నాడు కఫీల్.