పిడికిట్లో జీడిపప్పు

“అత్తయ్యగారూ, దాన్నిలా ఇచ్చేయండి. బుల్లిరాజు గొయ్యి తీసేశాడు,” అంది శ్రీలక్ష్మి.

ఉమాదేవి పిడికిలి విప్పలేదు. లోపల నిమ్మకాయంత హామ్‌స్టర్ చల్లగా, బిగుసుకుపోయి ఉంది. మనవరాలు ఇందు దానికి జీడిపప్పు అని పేరు పెట్టుకుంది. పుట్టినరోజుకి ఏలూరు వెళ్ళి మరీ కొనిపించుకుంది. కింద కొట్లో బియ్యం బస్తాల మధ్య ఎలకలకి బోను పెట్టే ఇంట్లో, మేడ మీద ఒక బుల్లి ఎలకకి పంజరం, తిరిగే చక్రం, పొద్దుతిరుగుడు గింజలు! తాడేపల్లిగూడెం బజారంతా నవ్వుకుంది.

మూడు రోజులుగా ముసురు వదలడం లేదు. రాత్రి పంజరం పక్కనున్న కిటికీ రెక్క వెయ్యడం మరిచిపోయింది ఉమాదేవే. తెల్లారేసరికి జల్లు కొట్టి, పంజరంలో పరిచిన రంపపుపొట్టు తడిసి ముద్దయింది. ఇందు పరీక్ష హడావుడిలో అటు చూడకుండానే బడికి వెళ్ళిపోయింది. చూసింది ఉమాదేవే.

“నాలుగింటికి ఇందు వచ్చేస్తుందండీ. ఈలోగా పనైపోవాలి. పంజరంలోంచి పారిపోయిందని చెబుదాం.”

“పిల్లకి చూపించకుండానే పూడ్చేస్తావా అమ్మా? పెంచుకున్నది అది.”

“చూస్తే బెంగపెట్టుకుంటుందండీ. చూడకపోతే నాలుగు రోజుల్లో మరిచిపోతుంది.”

“మరిచిపోదు. చూడకుండా పూడ్చినదాన్ని ఎన్నేళ్ళయినా మరిచిపోలేం.”

తన గొంతు తనకే కరుకుగా వినిపించింది ఉమాదేవికి.

కొట్లో కాటా వేసే బుల్లిరాజు మట్టిచేతులతో మెట్లెక్కి వచ్చాడు. ఒక చేతిలో కాగితం పొట్లం.

“గోతిలో వెయ్యడానికి ఉప్పు కూడా తెచ్చానండీ. చిన్నప్రాణాన్ని ఎక్కువసేపు ఉంచకూడదంటారండీ.”

“ఇది చచ్చిపోయిందని నీకెవరు చెప్పార్రా?”

“అయ్యబాబోయ్, పెద్దమ్మగారూ! ఇరవయ్యేళ్ళలో మీ కొట్లో నేను చంపిన ఎలకలన్నీ పోగేస్తే లారీ లోడవుద్దండీ. చావు నాకు తెలవదాండీ?”

శ్రీలక్ష్మి నవ్వాపుకుంది. ఉమాదేవికి మాత్రం నవ్వు రాలేదు. వాడన్నదే నిజం కావచ్చు. కిటికీ వెయ్యనిది తను. సాయంత్రం ఆ పిల్ల మెట్లెక్కి వచ్చి “నానమ్మా, నా జీడిపప్పేది?” అంటే ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

“ఆటో పిలవరా. డాక్టరుకి చూపిద్దాం.”

“చచ్చిన ఎలక్కి డాక్టరేంటండీ? నలుగురూ నవ్విపోతారండీ.”

“నవ్వనీ. పోయిందని ఆయన నోటితో అంటే అప్పుడే పూడుద్దాం. నీ గొయ్యి ఎక్కడికీ పోదు.”

ఆటోలో కూచుని పిడికిలిని పమిట కింద గుండెకి అదుముకుంది. గతుకు గతుక్కీ అది కదిలినట్టే ఉండేది. తీరా చూస్తే కదిలింది తన చెయ్యే.

“మీరే పడిపోయేలా ఉన్నారు,” అంది శ్రీలక్ష్మి భుజం పట్టుకుని. “ఇంతోటి ఎలక కోసం అంత భయమేంటండీ?”

ఉమాదేవి నోరు తెరిస్తే ఏడుపొస్తుందని పళ్ళు బిగబట్టుకుంది.

పశువుల డాక్టరు దుర్గాసాయి కుర్రవాడు. రోజంతా గేదెల్ని చూసే మనిషి. స్టెతస్కోపు బిళ్ళ జీడిపప్పు కంటే పెద్దదిగా ఉంది. అది చూసి మొదట తనే నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి చాలాసేపు విన్నాడు. ఉమాదేవి కళ్ళు గట్టిగా మూసుకుంది.

“ఎంతసేపటి నుంచి ఇలా చేతిలో పెట్టుకున్నారండీ?”

“గంట పైనే బాబూ.”

“మంచి పని చేశారు. ఇది పోలేదండీ.”

“కొయ్యలా ఉంది కదండీ!” అంది శ్రీలక్ష్మి.

“చలి తగిలితే ఇవంతేనండీ. ఒళ్ళు చల్లబడిపోయి, బిగుసుకుపోతాయి. ఊపిరి నిమిషానికి ఒకటో రెండో. చాలామంది పోయాయనుకుని పూడ్చేస్తుంటారు పాపం.”

ఉమాదేవి కళ్ళు తెరిచి బల్ల అంచు పట్టుకుంది.

“మరి మందేమిటి బాబూ?”

“ఒంటి వేడేనండీ. ఇలా గుండెలకి హత్తుకుని కూచోవడమే.”

“అంతేనా?”

“అంతేనండీ.”

ఉమాదేవి దాన్ని మళ్ళీ గుండెకి హత్తుకున్న పావుగంటకి మీసం ఒకటి అదిరింది. తర్వాత ముందరికాలు. ఆ తర్వాత జీడిపప్పు కళ్ళు తెరిచి, ఉమాదేవి బొటనవేలిని చటుక్కున కొరికింది. శ్రీలక్ష్మి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఫోను తీసింది.

“బుల్లిరాజూ, గొయ్యి కప్పెట్టెయ్! ఆఁ, ఉత్త గొయ్యే! ఉప్పు కొట్లో పెట్టెయ్!”

ఉమాదేవి మాత్రం జీడిపప్పుని పమిటలో చుట్టి అదుముకునే ఉంది. డాక్టరు కుర్చీ లాగి ఆవిణ్ణి కూచోబెట్టాడు.

“బతికింది కదండీ మామ్మగారూ. ఇంకా భయమెందుకండీ?”

ఆవిడ పమిటలోకి చూస్తూ అడిగింది.

“పురిటికందులు కూడా ఇలాగే చల్లబడి లేస్తారా బాబూ?”