ఆరో గది దయ్యం

"నీ ఆరో గది దయ్యం నా చొక్కా చింపేసింది, చూడు!" అంటూ ఒకాయన టికెట్ల కిటికీ మీద దబదబా బాదాడు.

టికెట్ల బాబాయ్ తల పట్టుకున్నాడు. ఈ నెలలో ఇది నాలుగో చొక్కా.

జనం సరదాకి టికెట్ కొని భయపడే ఆ దయ్యాలకొంపలో గదులు ఏడు. మిగతా దయ్యాలు బుద్ధిగా అరుస్తాయి. జనం కెవ్వుమంటారు, బయటికొచ్చి నవ్వుకుంటారు. ఆరో గదిలో ఆవిడ మాత్రం నిజంగానే మీద పడి రక్కుతుంది. సగం కాలిన మొహంతో ఆవిడ వేసే వేషానికి మంచి పేరుంది కాబట్టి యజమాని ఓర్చుకుంటున్నాడు.

బాబాయ్ లోపలికి వెళ్ళి కేకలేశాడు.

"ఏమ్మా, భయపెట్టమంటే బట్టలు చింపుతావేంటి?"

"తెర వెనక్కి తొంగి చూశాడు."

"చూస్తే? అక్కడేమన్నా లంకెబిందెలున్నాయా?"

ఉన్నది ఆవిడ కూతురు, ఆరేళ్ళ పిల్ల. అట్ట శవపేటిక పక్కన చాప వేసుకుని బొమ్మలు గీసుకుంటూ ఉంటుంది. యజమానికి తెలిస్తే ఇద్దర్నీ గెంటేస్తాడని బాబాయ్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పైగా రోజూ మధ్యాహ్నం పిల్లకి బన్ను తెచ్చిపెడతాడు.

"ఎవరు అడిగినా ఇక్కడ పిల్ల లేదని చెప్పు బాబాయ్. దాన్ని ఎత్తుకుపోవాలని తిరుగుతున్నారు."

"ఎవరమ్మా?"

"ఉన్నారు."

ఆవిడ అంతే, మొండిఘటం. పొద్దున్నే వేషంతో వస్తుంది, వేషంతోనే పోతుంది. నవ్వదు, నలుగురిలో కలవదు. బాబాయ్‌కి పిల్లంటే ప్రాణం గానీ, తల్లిని చూస్తే ఒళ్ళుమంట.

ఆదివారం మధ్యాహ్నం క్యూ బారెడు ఉండగా, ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకడు ఇద్దర్ని వెంటేసుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"పెద్దాయనా, మా పాప ఇక్కడుందని తెలిసింది. మా ఇంట్లో పనిచేసిన ఆయా ఎత్తుకొచ్చేసి రెండేళ్ళయింది."

బాబాయ్ టికెట్ల కట్ట సర్దుతున్నట్టు తల దించుకున్నాడు.

"ఇక్కడ పిల్లలెవరూ లేరండీ" అన్నాడు ఎలాగో.

పెద్దమనిషి జేబులోంచి ఫొటో తీశాడు. సందేహం లేదు, ఆ పిల్లే. ఇంకా చిన్నప్పటిది. దాన్ని ఒడిలో కూర్చోబెట్టుకుని నవ్వుతోంది చక్కటి అమ్మాయి.

"వాళ్ళమ్మ. పాప కోసం ఏడ్చి ఏడ్చి మంచం పట్టింది. ఎన్నాళ్ళుంటుందో కూడా తెలీదు."

"అయ్యో! మరి పోలీసులకి చెప్పలేదా బాబూ?"

"కేసంటే పాపం ఆ ఆయా జైలుకి పోతుంది కదండీ. మాకు పాప దొరికితే చాలు."

ఎంత మంచి మనిషి అనుకున్నాడు బాబాయ్. ఆ నవ్వే తల్లెక్కడ, ఈ ఆరో గది రాకాసి ఎక్కడ? ఇన్నాళ్ళూ ఒక పిల్లలదొంగకి కాపలా కాశానా అని ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

వెనక తలుపు గుండా వెళ్ళి పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

పుర్రెల మధ్య హాయిగా నిద్రపోయే పిల్ల, ఆ పెద్దమనిషిని చూడగానే కొయ్యబారిపోయింది.

"నాన్నని మర్చిపోయావా తల్లీ?"

మర్చిపోలేదు. బాబాయ్ చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

"వద్దు తాతా, నన్నివ్వొద్దు తాతా!"

"తప్పమ్మా, అమ్మ ఎదురుచూస్తోంది" అంటూ బాబాయ్ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

ఏడుపు విని ఆరో గది దయ్యం జుట్టు విరబోసుకుని బయటికి పరుగెత్తుకొచ్చింది.

"నా బిడ్డ! వదలండి! వాళ్ళు దాన్ని బతకనివ్వరు!"

క్యూలో ఈలలు మోగాయి.

"అబ్బ, బయటికొచ్చి మరీ చేస్తోందిరా!" అన్నాడొకడు.

ఆవిడ పెద్దమనిషి వెంట వచ్చినవాళ్ళలో ఒకడి చెయ్యి కొరికింది, ఇంకొకడి మొహం రక్కింది. చప్పట్లు పెరిగాయి. "ఎవరైనా ఆపండయ్యా!" అని చేతులు జోడించింది. జనం పగలబడి నవ్వారు.

పెద్దమనిషి పిల్లని కారులోకి ఎక్కిస్తుంటే, చివరికి బాబాయే వెనకనుంచి ఆవిణ్ణి ఒడిసి పట్టుకున్నాడు.

"నీ కాళ్ళు పట్టుకుంటా, వదులు బాబాయ్!"

కారు కనుమరుగయ్యేదాకా ఆయన వదల్లేదు. అందరి ఫోన్లూ దయ్యం వైపే ఉన్నాయి. కారు నంబరు ఎవరూ చూడలేదు.

ఆవిడ నేల మీద కూలబడిపోయింది.

"సిగ్గులేదూ?" అన్నాడు బాబాయ్, పెనుగులాటలో కింద పడ్డ ఫొటో తీసి ఆవిడ ముందు పెడుతూ. "ఇదిగో, దాన్ని కన్నతల్లి!"

ఆవిడ ఫొటో వంక చూసింది. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. విగ్గు తీసి, మొహం రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

తెల్లరంగు పోయింది, కాటుక పోయింది, కాలిన ఎడమ చెంప మాత్రం అలాగే ఉంది. కుడి చెంపన, ఫొటోలోని అమ్మాయి బాబాయ్ వంక చూస్తోంది.