రుద్రంగి బాట వేపచెట్లు

"పొద్దుగూకే లోపల ఒక్క చెట్టు కూడ ఉండొద్దు. వీటి చాటున నక్సలైటు అన్నలు దాక్కుంటున్నరు," అని చెప్పి పోలీసు జీపు వెళ్లిపోయింది.

గుడివాళ్లూ మసీదువాళ్లూ కలిసి పదేళ్ల కింద బాట పొడుగునా నాటిన వేపచెట్లవి. గంగరాజం గొడ్డలి ఎత్తలేకపోయాడు.

"నేను పెట్టినదాని మీద చెయ్యి లేస్తలేదు, మదారూ."

"నాది నువ్వు నరుకు మామా. నీది నేను నరుకుత."

గంగరాజం మదార్ నాటిన చెట్టు దగ్గరికి వెళ్తే మొదలంతా తడిగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే తన చెట్టు మొదలూ అంతే. మదార్ పక్కన బిందె చూసి గంగరాజానికి కోపం వచ్చింది.

"నరికేదానికి నీళ్లెందుకు పోసినవ్? పిచ్చి లేసిందా?"

"కుర్బానీ మేకకైనా ముందుగాల నీళ్లు తాపుతం గద, మామా."

తండ్రి పోయే ముందు తన చేత్తో నోట్లో పోసిన తులసినీళ్లు గంగరాజానికి గుర్తొచ్చాయి. గొడ్డలి కింద పెట్టాడు.

"బిందె గిటియ్యి. మిగిలిన చెట్లకు నేను పోస్త. దూపతోని పోవద్దు."